ఇంటిపేరు మీద వచ్చిన తాళాలు

మా ఇంజనీరు దొరది ఎనిమిది వందల ఏళ్ళ వంశం. కంపెనీలో చేరిన వారంలోనే ఆ సంగతి అందరికీ చెప్పాడు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట మా వంశం ఏం చేస్తుండేదో నాకు తెలియదు. ఎండలో నిలబడి ఉంటుంది.

చమురు డబ్బుతో దోహాలో రోజుకో కొత్త గోడ లేస్తున్న రోజులవి. మా స్టోరు ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఉండేది. పైపులూ వాల్వులూ పెట్టిన అరల మీద ఇంగ్లీషులో చీటీలు రాసేది నేను. నా దస్తూరీ దొరకి నచ్చింది. శుక్రవారాలు తన విల్లాకి పిలిచి, తన వంశవృక్షాన్ని పెద్ద కాగితం మీద ఎక్కించమన్నాడు. మా హౌస్ చరిత్ర ఇది అన్నాడు. గదులెన్ని అని అడిగాను. హౌస్ అంటే వాళ్ళలో వంశమట. ఆ వారమంతా ఈ ముక్క చెప్పి తోటి తెల్లవాళ్ళని నవ్వించాడు.

ఆ వంశానికి మూలపురుషుడు ఒక ప్రభువుగారి ధాన్యపు కొట్టు తాళాలు మోసినవాడు. అంటే స్టోర్ కీపర్. ప్రభువు యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. తాళాలు ఈయన నడుముకే ఉండిపోయాయి. కొడుక్కి కొట్టు వచ్చింది, మనవడికి కోట వచ్చింది, మునిమనవడు పక్క కోట వారసురాలిని పెళ్ళాడి లోయంతా కలుపుకున్నాడు. ఆపాటికి ధాన్యం సంగతి ఎవరికీ గుర్తులేదు. తాళంచెవులు మాత్రం బంగారు రంగు పూసుకుని వంశచిహ్నంగా డాలు మీదకెక్కాయి.

తర్వాత రాజుగారు వాళ్ళకి ఇంకో కోట రాసిచ్చాడు. పత్రంలో వంశం పేరుంది, మనిషి పేరు లేదు. దాయాదులిద్దరు. ముందు గుర్రమెక్కినవాడు కోట పట్టుకున్నాడు. రెండోవాడు సన్యాసుల్లో కలిశాడు. మా దొర మొదటివాడి సంతానం. రెండోవాడి దగ్గర గీత ఆపేయమన్నాడు.

తాళాల మీద ఆశ నాకూ ఉండేది. మా స్టోర్ కీపర్, మలయాళీ పెద్దాయన, ఇంటికి వెళ్ళిపోతున్నాడు. నాలుగేళ్ళుగా స్టోరు నడిపింది నేనే. ఆ ఉద్యోగం నీకే, హెడ్డాఫీసుకి రాశానని దొర కూడా మాటిచ్చాడు.

మేం ఇంటిపేరు ముందు రాసుకుంటాం కదా. నన్ను పంపిన జగిత్యాల ఏజెంటు నా కాగితాల్లో పేరు రాయాల్సిన గడిలో అదొక్కటే నింపాడు. కంపెనీకి అదే నా పేరు. క్యాంపులో అదే ఇంటిపేరుతో ఇంకొకాయన ఉండేవాడు. క్రేన్ కింద బరువులు కట్టే పని ఆయనది. మా పక్క ఊరివాడే, పాలోళ్ళం, అంటే దాయాదులం. వాళ్ళింట్లో ఎవరైనా పోతే మాకు మైల. అన్నా అనే పిలిచేవాణ్ణి.

స్టోర్ కీపర్‌గా వేస్తూ హెడ్డాఫీసు ఉత్తరం క్యాంపుకి వచ్చింది. దాని మీద ఉన్నది ఇంటిపేరొక్కటే. నేను డ్యూటీలో ఉన్నాను, ఆయన జ్వరంతో గదిలో ఉన్నాడు. ఆయనకే చదివి వినిపించి, ఆయన చేతికే ఇచ్చారు. జ్వరం వెంటనే తగ్గింది. మర్నాడు నాకంటే ముందే స్టోరుకి వెళ్ళి తాళాలు తీసుకున్నాడు.

“అన్నా, అది నాకోసం అచ్చిన కాయితం,” అన్నాను.

“కాయితంల మన ఇంటిపేరే ఉన్నది గద తమ్మీ. నీది వేరే, నాది వేరేనా?”

“నాలుగేండ్ల సంది చేసింది నేను.”

“చేసినవు. ఎవలు కాదన్నరు? బయటోనికి పోలే గద, ఇంట్లనే ఉన్నది.”

దొర దగ్గరికి వెళ్ళాను. ఉత్తరం చూసి ఆయన మురిసిపోయాడు. అచ్చం తమ పత్రం కథేనట. మార్పించమంటే, ముద్ర పడిపోయింది, మళ్ళీ రాస్తే తన మాట పలచనవుతుందన్నాడు. చరిత్రలో అయితే ఈపాటికి యుద్ధం జరగాలి. దొర టీ తెప్పించాడు. కాగితం మీది వంశవృక్షం ఎప్పటికి పూర్తవుతుందని అడిగాడు.

ఆ శుక్రవారమే పూర్తిచేశాను. సన్యాసి దగ్గర ఆపమన్న గీతని ఒక అంగుళం పొడిగించాను. దాని కింద పేరేమీ రాయలేదు. దొర అటు చూడలేదు. తన పేరు దగ్గర సిరా బాగా మెరుస్తోందని మెచ్చుకున్నాడు.

మర్నాడు అన్న తాళాలు గలగలలాడించుకుంటూ వచ్చి, రెండంగుళాల వాల్వులు ఏ అరలో ఉన్నాయని అడిగాడు. చీటీలు చదవడం ఆయనకి రాదు. చదివిపెట్టాను. ఇంటివాడే కదా.