సాయంత్రం నడక

దర్జీ ఆవిడ ఏ పనైనా ఒకర్ని అడిగి చేసే రకం కాదు. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు, వాటి సందులోంచే వచ్చినవాళ్ళకు సలహాలు. "ఈ రంగు నీకు నప్పదు, మార్చుకో" అని మొహం మీదే చెప్పేస్తుంది. తిట్టుకుంటూ వెళ్ళినవాళ్ళు కూడా మళ్ళీ ఆమె దగ్గరికే వస్తారు. మందుల షాపు నడిపే స్నేహితురాలి ముసలి కుక్క చనిపోయినప్పుడు అందరూ "కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకో" అని ఓదార్చి వెళ్ళారు. ఈవిడ మాత్రం మర్నాడు, రోజూ ఆ కుక్కను తిప్పే వేళకు, మిషను ఆపి వెళ్ళి వాళ్ళ గుమ్మంలో నిలబడింది.

"చెప్పులేసుకో."

"ఎవర్ని తిప్పడానికే?"

"నిన్ను."

వీధి చివర కరెంటు స్తంభం దగ్గర స్నేహితురాలి కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. కుక్క అక్కడ తీరిగ్గా వాసన చూసేది. నిన్నటి నుంచి కన్నీటిచుక్క రాల్చని మనిషి ఒక్కసారిగా బావురుమంది. దర్జీ ఆవిడ ఊరుకోమనలేదు. భుజం పట్టుకుని నిలబడింది. తేరిపార చూస్తూ పోతున్న ఒకాయన్ని మాత్రం, "ఏం, ఏడుపెప్పుడూ చూళ్ళేదా?" అని గదమాయించింది. అంత ఏడుపులోనూ స్నేహితురాలికి నవ్వొచ్చింది.

"ఇక్కణ్ణుంచి మీరిద్దరూ ఎటు వెళ్ళేవాళ్ళు?"

"ఎడమకి. పార్కు దాకా."

"అయితే పద. దాని ముచ్చట్లు చెబుతూ నడు."

ముక్కు తుడుచుకుని, "చిన్నప్పుడది ఎంత దొంగదనుకున్నావ్!" అంటూ స్నేహితురాలు ఎడమకు తిరిగింది.