పని ఏమిటని అడిగితే కూలి అన్నాను

ఆ ఆదివారం మందిరంలో పాట ఎత్తుకున్నాను. రెండో చరణంలో పైకి పోయేసరికి గొంతులో ఏదో అడ్డం పడింది. జనం పాడుతూనే ఉన్నారు, నేను ఆగిపోయాను. గిద్దలూరు చుట్టుపక్కల మా వాళ్లలో పెళ్లయినా చావయినా పాట ఎత్తడానికి నాకే కబురొస్తుంది. పాటల రూతమ్మ అంటే ఇల్లు చూపిస్తారు.

"ఏందే, నీళ్లు మింగితే మెడకాడ ఉండ కదుల్తా ఉంది?" అన్నాడు మా ఆయన. మిరప కోతలు అయ్యాక చూద్దాంలే అన్నాను. నా మొండితనంతో రెండు నెలలు పోయాయి.

మార్కాపురంలో స్కాన్ తీసి థైరాయిడ్‌లో నాడ్యూల్, అంటే గడ్డ ఉందన్నారు. మెడలో సూది గుచ్చి ఎఫ్‌ఎన్‌ఏసీ అనే పరీక్ష చేశారు. రిపోర్టు వచ్చేదాకా అన్నం సయించలేదు.

ఒంగోలులో సర్జన్ గారు రిపోర్టు చూశారు. "క్యాన్సరేమోనని అనుమానంగా ఉంది. ఆపరేషన్ చెయ్యాలి. ఏం పని చేస్తావమ్మా?"

"కూలికి పోతా సార్." రేషన్ కార్డు దగ్గర్నుంచి ఎవరడిగినా నా నోట వచ్చేది అదే.

"పక్కనే గొంతు నరం ఉంటుంది. కొందరికి గొంతు మారుతుంది. టీచర్లకైతే ఇబ్బంది. నీ పనికేం కాదులే" అని సంతకం పెట్టమన్నారు.

పెన్ను కింద పెట్టేశాను. పాట పోతే ఇక నేనెవర్ని? కూలికి పోయే ఆడవాళ్లు మా పల్లెలో ఇంటికొకరున్నారు.

"పెట్టు, ఇంకేంది ఆలోచన? నువ్వు బతికితే చాలు" అని మా ఆయన గదమాయించాడు.

"పెట్టను" అన్నాను. "సార్, నేను పాడతా. ముప్పై ఏండ్లుగా పాడతా ఉండా. అదీ నా పనే."

సర్జన్ గారు తలెత్తారు. "ఈ మాట ముందే చెప్పాలి కదమ్మా!" కేస్ షీట్‌లో రాసుకుని, ఆపరేషన్‌లో నరాన్ని కనిపెట్టే మిషన్ గుంటూరులో ఉందని అక్కడికి రాసిచ్చారు. "అయినా గ్యారంటీ లేదు" అన్నారు.

ఆపరేషన్ తర్వాత "యేసయ్యా" అనబోతే ఉత్త గాలే వచ్చింది. మా ఆయన మొహం తిప్పుకున్నాడు. బయాప్సీలో చిన్న క్యాన్సరే, మొత్తం తీసేశామన్నారు. సంతోషించాల్సింది పోయి గోడవైపు తిరిగి ఏడ్చాను.

మాట మూడు వారాలకు వచ్చింది. పాట ఆరు నెలలకు, అదీ కింది శ్రుతిలో. పైకి పోయే చరణం ఇప్పుడు పడుచుపిల్లలు అందుకుంటారు. వింటుంటే కడుపు మండుతుంది, అబద్ధమెందుకు? ఎత్తుకునేది మాత్రం నేనే.

మీకు చెప్పేది ఒక్కటే. డాక్టర్ మీ పనేమిటని అడిగితే డబ్బులొచ్చే పనితో ఆపకండి. ఏది పోతే తట్టుకోలేరో అది కూడా సంతకానికి ముందే చెప్పండి.

మొన్న చెకప్‌లో కొత్త నర్సమ్మ పని ఏమిటని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు.

"పాటలు పాడతాది, రాసుకోమ్మా. కూలికి గూడా పోతాది."