యాదన్న వ్యాను, ఒంటి చెవి కుందేలు

నిన్న మధ్యాహ్నం పప్పుకు తాలింపు వేస్తుంటే వీధిలోంచి ఒక ఇంజను చప్పుడు వినిపించింది. గడగడమంటూ, మధ్యమధ్య గొంతు సవరించుకుంటున్నట్టు ఆగుతూ వచ్చే చప్పుడు. జర్మనీలోని మా ఊరు జిండెల్ఫింగెన్‌లో కార్లన్నీ చప్పుడు చేయడానికి మొహమాటపడతాయి. వెనకే పెట్రోలు వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. తాలింపు మాడితే మాడిందని గరిటెతోనే బాల్కనీలోకి పరుగెత్తాను. ఎవరిదో ఆకుపచ్చ అమెరికన్ వ్యాను మలుపు తిరిగి వెళ్ళిపోయింది. యాదన్నది కాదు. అయినా ఆ చప్పుడు వినిపించినంతసేపూ అక్కడే నిలబడ్డాను.

యాదన్నంటే యాదగిరి, ఆఫీసులో నాకు సీనియర్. సిద్దిపేట దగ్గరి మనిషి. తెనాలి నుంచి వచ్చిన నన్ను మొదటి రోజే చెల్లెలిని చేసుకున్నాడు. ఇల్లు దొరికి అన్మెల్డుంగ్, అంటే ఊరి ఆఫీసులో చిరునామా నమోదు, పూర్తయిన వారమే, "శనివారం ఖాళీగుంటవా? నీకొకటి చూపెడ్త" అన్నాడు. ఎవరింట్లోనో బిర్యానీ ఉంటుందని మంచి చుడీదార్ వేసుకుని వెళ్ళాను. ఆయన తీసుకెళ్ళింది ఊరి చివర ఒక రైతు కొట్టానికి. లోపల డెబ్బైల నాటి అమెరికన్ వ్యాను. స్టుట్‌గార్ట్ దగ్గర పనిచేసిన అమెరికన్ సైనికుడెవరో వదిలి వెళితే చేతులు మారి యాదన్న దగ్గరకు వచ్చిందట. అడుగంతా తుప్పు. పక్క రేకుకు ఒక గుండ్రటి కిటికీ, దాని చుట్టూ ఎవరో చేత్తో వేసిన బొమ్మ: ఎర్రటి కొండలు, దిగిపోతున్న సూర్యుడు, కింద మూలన ఒకే చెవి ఉన్న కుందేలు.

"ఇది నడుస్తుందా అన్నా?"

"నడుసుడేంది, ఉరుకుతది. జర ఓపిక పట్టాలె. గా గరుకు కాయితం ఇటియ్యి."

ఆ రోజు నా చుడీదార్ సంగతి ఇక చెప్పనక్కర్లేదు. తరువాతి శనివారాలన్నీ ఆ కొట్టంలోనే గడిచాయి. తుప్పు గీకడం, రేకు అతకడం, ప్రతి భాగానికీ ఫోటో తీసి పాత అమెరికన్ వ్యాన్ల అభిమానుల గుంపులో పెట్టడం. ఎక్కడెక్కడివాళ్ళో ఆ గుంపులో ఉన్నారు. ఒకరు పాత తలుపు పిడి ఫోటో పెడితే మిగతావాళ్ళు పసిబిడ్డను చూసినట్టు మురిసిపోయేవాళ్ళు. వాళ్ళను చూసి నవ్వుకున్న నేను, కొన్నాళ్ళకు టైరు మూతల గురించి వాళ్ళతో వాదనకు దిగాను!

చిక్కు తనిఖీలో వచ్చింది. పాతకాలపు బండిగా గుర్తింపు దొరికితే 'హెచ్' నంబరు ప్లేటు ఇస్తారు. అది లేకపోతే పొగ నిబంధనల వల్ల బండి స్టుట్‌గార్ట్‌లో అడుగుపెట్టకూడదు. ఇంజను భేషుగ్గా ఉందన్న అధికారి బొమ్మ దగ్గర ఆగిపోయాడు. కిటికీ, బొమ్మ ఆ కాలంలోనే చేసినవని రుజువు చూపాలి, లేదంటే కిటికీ పూడ్చి, బొమ్మ మీద రంగు వేసుకుని రావాలి అన్నాడు. యాదన్న భార్య సరళ వదిన అప్పటికే విసిగిపోయి ఉంది. "మళ్ళ తనిఖీ టెర్మిన్‌ల గూడ ప్లేటు రాకుంటే బండి అమ్ముడే. ఇంట్ల ఒక పిల్ల ఉన్నదని యాదికున్నదా నీకు?" అని తేల్చేసింది. కొనడానికి వచ్చినవాడు విడిభాగాలుగా ఊడదీసుకుపోతానన్నాడు. బొమ్మ మీద రంగు వేయడానికి యాదన్నకు చేయి రాదు. ఊడదీస్తుంటే చూడగలిగే మనిషీ కాదు.

ఎవరో ఒకరు గుర్తుపట్టకపోతారా అని ఫోటోలు తీసే పని నేను నెత్తిన వేసుకున్నాను. ద్రాక్షతోటల పక్కన, సాయంత్రపు ఎండలో తీసి, కంప్యూటర్లో సొట్టలు తుడిచి, పాపం అనిపించి కుందేలుకు రెండో చెవి కూడా పెట్టాను. గుంపంతా ఆహా ఓహో అంది. బండిని ఎరిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ పలకలేదు. యాదన్న ఫోటో చూసి ఫోన్ చేశాడు.

"గిదేంది చెల్లె, కుందేలుకు ఇంకో చెవి ఏడికెళ్ళొచ్చింది?"

"బాగుంటేనే కదన్నా నలుగురూ చూసేది!"

"పెండ్లిపిల్ల లెక్క తయారుజేసినవ్. తెలిసినోడు గూడ గుర్తువట్టడు. సొట్టతోటి, మరకతోటి ఉన్నదున్నట్టు తియ్యి."

మొహం మాడ్చుకునే తీశాను. సొట్ట, పెచ్చులూడిన రంగు, ఒంటి చెవి, రెండో చెవి ఉండాల్సిన చోట అలికినట్టున్న మరక. మర్నాడే అమెరికా నుంచి ఒక పెద్దావిడ రాసింది. ఆ బొమ్మ వేసింది తన అన్న. రెండో చెవి ఎంతకీ కుదరక తుడిచి తుడిచి వదిలేశాడు. దానికి తానే ఆయన్ని జీవితాంతం ఏడిపించింది. ఆయన ఇప్పుడు లేడు. మొదటి ఫోటో కూడా తాను చూసిందట, మా కుందేలుకు ఒకటే చెవి కదా అనుకుని దాటేసిందట! జర్మనీలో సైనికుడిగా ఉన్న అన్నను చూడటానికి వచ్చినప్పుడు ఆ బొమ్మ పక్కన ఇద్దరూ తీయించుకున్న ఫోటో కూడా పంపింది. వెనక ఆ కాలపు ఏడాది రాసి ఉంది.

అధికారి ఫోటోను చూశాడు, బండిని చూశాడు, వంగి కుందేలును చూశాడు. నవ్వి, సరేనన్నాడు. యాదన్న "వచ్చిందే!" అని అరిచిన అరుపుకు పక్క బండివాడు ఉలిక్కిపడ్డాడు. ప్లేటు బిగించాక తాళంచెవి నా చేతిలో పెట్టి, "నువ్వే నడుపు" అన్నాడు. స్టుట్‌గార్ట్ నడిబొడ్డున ఆ పడవంత బండిని నేను నడిపాను! వెనక సీట్లో యాదన్న కూతురు జర్మన్‌లో "ఇంకా స్పీడుగా" అని కేకలు. పక్కన సరళ వదిన, ఎవరూ చూడటం లేదనుకుని, దారినపోయేవాళ్ళకు చేయి ఊపుతోంది.

తరువాత ఉద్యోగం మారి యాదన్న కుటుంబంతో సహా అదే బండిలో హాంబర్గ్ వెళ్ళిపోయాడు. విజయవాడలో ఉన్న మా అక్కకు వీడియో కాల్ చేసే ముందు నేను తల దువ్వుకుని, వెలుతురున్న చోట కూర్చుని, అంతా బాగుందని చెప్పేదాన్ని. తనూ అలాగే చెప్పేది. పోయిన చలికాలం జ్వరంతో, చిందరవందరగా ఉన్న వంటింట్లోంచే, యాదన్న అన్నట్టు ఉన్నదున్నట్టు చేశాను. అక్క జ్వరమని కబురు చేయనందుకు తిట్టి, "నాకూ ఈ మధ్య ఏమీ బాగోలేదే" అంటూ మొదలుపెట్టింది.