వీధికి వినపడకూడని అలారం

మురోగా తత్సువోకు జీవితంలో ఒక్కటే భయం, పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనని. గడ్డిచాపలు కుట్టే కొట్టు నడిపినన్నాళ్లూ, గుమ్మం ముందు ఒక్క గడ్డిపోచ పడినా చేస్తున్న పని వదిలేసి పరుగెత్తుకెళ్లి ఏరేవాడు. చేతిలో సూది గుచ్చుకున్నా పైకి 'అబ్బా' అనేవాడు కాదు. కొట్టు మూసేశాక ఆయన్ని వీధి అగ్నిరక్షణ సంఘానికి పెద్దను చేశారు. ఆ పదవి ఇంకెవరికీ అక్కర్లేకపోయింది మరి.

ఆ చలికాలం ఫైర్ స్టేషన్‌వాళ్లు ముసలివాళ్లున్న ప్రతి ఇంటికీ పొగ అలారం ఉచితంగా ఇస్తామన్నారు. పెట్టెలు పంచడం వాళ్ల వంతు, నిచ్చెనెక్కి బిగించడం మురోగా వంతు. బిగించిన ఇంటి గుమ్మానికి ఎర్ర స్టిక్కరు అంటించాలి. స్టేషన్‌వాళ్లు వచ్చి స్టిక్కర్లు చూసి సంతోషించి వెళ్లేవారు. పైకప్పు వంక చూసిన పాపాన ఒక్కడూ పోలేదు.

ఆ అలారం ఉత్తినే కూయదు, ఆడగొంతుతో "నిప్పు! నిప్పు!" అని అరుస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం మురోగా భార్య సుమి ఎండుచేప కాలుస్తుంటే వాళ్లింట్లోదే అరిచింది. మురోగా వంటింట్లోకి వెళ్లలేదు. వీధిలోకి పరుగెత్తి అటొక వంగుడు, ఇటొక వంగుడు వంగి, "చేపండీ, ఉత్త చేపే, క్షమించాలి" అని దండాలు పెట్టాడు. వీధిలో పిల్లి తప్ప ఎవరూ లేరు. లోపలికొచ్చి స్టూలెక్కి బ్యాటరీ పీకేశాడు.

"అదేంటండీ, ఊరందరికీ బిగించి మనింట్లో పీకేస్తారా?" అంది సుమి.

"పీకానని ఎవడికి తెలుసు? గుమ్మం మీద స్టిక్కరుందిగా. దాని నోరు విన్నావా? సంఘం పెద్ద ఇంట్లోనే ఇంత రభస అంటే నా పరువేం కాను?"

"పరువు సంగతి సరే, రేపు నిజంగా అంటుకుంటే?"

"శుభమా అని పలకవే నువ్వు! ఊరుకో."

అక్కడితో ఆగినా బాగుండేది. వాళ్ల ఇంటికీ పక్కింటికీ గోడ ఒకటే, అటకా ఒకటే. పక్కింటి ఫుకి చేపల మార్కెట్లో వేలంపాట పాడిన మనిషి. ఇప్పటికీ రోజూ చేప కాల్చుకోందే ఆమెకు ముద్ద దిగదు. ఆమె అలారం రోజూ అరిచేది. మురోగా వెళ్లి, "ఫుకి గారూ, దాని బ్యాటరీ కాస్త తీసేద్దాం. వీధికి ఇబ్బంది" అని నసిగాడు.

"ఏమయ్యా, అరవడానికేగా నిచ్చెనేసుకొచ్చి బిగించావు? ఇప్పుడు నోరు మూయించమంటావేం? నీకంత సిగ్గయితే నీ చెవుల్లో దూది పెట్టుకో, పో!" అందామె.

ప్రతి గుమ్మానికీ స్టిక్కరు పడ్డ మొదటి వీధి ఇదేనని స్టేషన్ కెప్టెన్ మెచ్చుకోలు ఫలకం పట్టుకుని వచ్చాడు. వీధి చివర సంఘం హాల్లో సభ. మురోగా సూటు వేసుకున్నాడు. సుమికి జలుబు. మందు వేసుకుని పడుకుంటానని ఇంట్లోనే ఉండిపోయింది. కిరోసిన్ స్టవ్ వెలుగుతోంది, దాని మీద దండేనికి తడిబట్టలు ఆరుతున్నాయి.

మురోగా ఉపన్యాసం మధ్యలో ఉండగా బయటినుంచి సన్నగా వినిపించింది, "నిప్పు! నిప్పు!"

కెప్టెన్ లేవబోయాడు. "ఎక్కడో మోగుతోంది. చూసొద్దామా?"

మురోగా మొహం కందిపోయింది. "అబ్బే, కూర్చోండి సార్! అది మా పక్కింటావిడ చేప. రోజూ ఉన్న భాగోతమే."

అందరూ నవ్వారు. కెప్టెనూ నవ్వి కూర్చున్నాడు. నిప్పు అన్న మాట వింటే లేవడానికి జీతం తీసుకుంటున్న మనిషి! మురోగా గొంతు సవరించుకుని, అప్రమత్తత గురించి మళ్లీ అందుకున్నాడు.

కాసేపటికి హాలు తలుపు దభాలున తెరుచుకుంది. ఫుకి. మొహమంతా మసి, మోచేతి దాకా నెత్తురు.

"నా పొయ్యి మీద ఇవాళ చేప లేదయ్యా పెద్దమనిషీ. తగలబడుతున్నది నీ ఇల్లు!"

దండెం మీది బట్ట జారి స్టవ్ మీద పడింది. ఇంట్లో అలారం మూగది. పొగ అటకమీదుగా పాకి ఫుకి ఇంట్లో అలారాన్ని అరిపించింది. ఆమె తన చల్లటి పొయ్యి చూసుకుని, ఊరగాయ తొట్టి మీది బరువురాయి ఎత్తి పక్కింటి కిటికీ పగలగొట్టి, సుమిని రెక్క పట్టి బయటికి ఈడ్చింది. మంటలు ఒక్క గదితో ఆగాయి గానీ, అంబులెన్సు వచ్చేసరికి సుమికి స్పృహ లేదు.

ఇల్లు కాలినవాళ్లు ఇంటింటికీ వెళ్లి క్షమాపణ చెప్పుకోవడం అక్కడి మర్యాద. నాలుగు రోజులాగి వెళ్లినా ఎవరూ తప్పుపట్టరు. మురోగా ఆగలేదు. మిఠాయి పెట్టెలు కొనుక్కుని ఆ సాయంత్రమే గుమ్మం గుమ్మానా నడుము విరిగేలా వంగాడు. ప్రతివాళ్లూ పెట్టె అందుకోకుండా ఒకటే అడిగారు, "సుమి గారికెలా ఉంది?" ప్రతివాళ్లకీ ఒకటే చెప్పాడు, "ఇంకా ఆసుపత్రికి వెళ్లలేదండీ."

వెళ్లేసరికి సుమికి తెలివొచ్చింది. చేతికి కట్టు, గొంతు బొంగురు.

"అందరిళ్లకీ తిరిగొచ్చారా?"

"ఆఁ, అయింది. ఎవరూ పల్లెత్తు మాటనలేదు" అన్నాడు, గుండెలమీంచి బరువు దిగినట్టు.

"ఇక్కణ్ణుంచి నేను ఫుకి గారింటికి వెళ్తానండీ. గది బాగుచేయించినా సరే, ఆ ఇంటికి రాను. ఇందాక చూడ్డానికొస్తే ఆవిడతో చెప్పాను, రమ్మంది."

మురోగా పక్క మంచాల వంక చూసి, గొంతు తగ్గించాడు.

"మరి వీధిలోవాళ్లకి ఏమని చెప్పను?"