గిన్నె అడుగున పన్నెండు మాటలు

మునగపాక దగ్గర పల్లెలో మా మేనత్త ఇంటికి ఇప్పటికీ పెంకులే. చుట్టుపక్కల అందరివీ శ్లాబు ఇళ్ళయ్యాయి. వానాకాలం వచ్చిందంటే ఆమె మంచం ఒక్క రాత్రిలో మూడు చోట్లకి మారుతుంది. ఆ ఇంటికి శ్లాబు పడకపోవడానికి కారణం నేను. ఆమె మాత్రం కారణం ప్రభుత్వం అనుకుంటోంది.

నాకు అనకాపల్లిలో బెల్లం మార్కెట్ దగ్గర చిన్న జిరాక్సు షాపు ఉంది. అప్పట్లో దాన్ని నెట్ సెంటర్ అనేవారు. పెద్ద నోట్లు రద్దయిన ఆ చలికాలం నాకు బాగా గుర్తు. బళ్ళ మీంచి బెల్లం దిమ్మలు దిగుతున్నాయి, కొందామంటే వర్తకుల చేతిలో నోట్లు లేవు. తూకాలు వేసే కొలగార్లు పని లేక నా షాపు మెట్ల మీద కూర్చుని బీడీలు కాల్చేవారు. నోట్లు మార్చుకునే గడువు దాటిపోయిన నెలకి మా అత్త ఒక మూట పట్టుకొచ్చింది. చింతపండు కుండ అడుగున ఎప్పుడో దాచి మరిచిపోయిందట. అన్నీ ఐదువందల నోట్లు. మొత్తం ఆరువేలు.

"ఇవి సెల్లవంటన్నారు. నువ్వు సదూకున్నోడివి కదా, ఏటైనా సెయ్యరా" అంది.

నేనేమీ చెయ్యలేకపోయాను. ఆమె భర్త పోయాక అరెకరం చెరుకు ఒంటిచేత్తో పండించుకొస్తున్న మనిషి. ఆ ఆరువేలు ఎన్ని గడ్డికోతలో నాకు తెలుసు. టీవీలో ఎవరో ఒక్క మాట అంటే కుండలోని డబ్బు కాగితం అయిపోవడమేమిటని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట న్యాయమైనదే. దాన్ని పట్టుకుని నేను ఎక్కడికి పోయానో అదే అన్యాయం.

బిట్‌కాయిన్ గురించి అప్పుడే చదవడం మొదలుపెట్టాను. ఏ ప్రభుత్వమూ అచ్చువెయ్యని డబ్బు, ఏ ప్రభుత్వమూ రద్దు చెయ్యలేని డబ్బు. బ్యాంకు లేదు, మేనేజరు లేడు, సంతకం లేదు. పన్నెండు ఇంగ్లీషు మాటలు వరుసగా తెలిస్తే చాలు, ఆ డబ్బు నీది. ఆ మాటలే తాళంచెవి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అలా తయారయ్యాను. ఆధార్ కార్డు జిరాక్సుకి వచ్చినవాణ్ణి కూడా కూర్చోబెట్టి అరగంట ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఒక ముసలి బెల్లం వర్తకుడు అంతా ఓపిగ్గా విని, "బాబూ, పట్టుకుంటే సేతికి అంటుకోవాల. అంటుకోని సరుకు నానెప్పుడూ కొన్లేదు" అని, జిరాక్సు డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. పాతకాలపు మనిషి అని నవ్వుకున్నాను. ఆయన ఇప్పుడు లేడు. ఉంటే ఒకసారి వెళ్ళి ఎదురుగా కూర్చునేవాణ్ణి.

మా అత్తకి నేను చెప్పింది ఒక్క ముక్క: ఇది రద్దవదు. ఆమెకి ఆ ముక్క చాలు. రెండు చెరుకు పంటల బెల్లం డబ్బు, శ్లాబు కోసమని కూడబెట్టిన ఎనభైవేలు, కొంగులోంచి తీసి నా కౌంటర్ మీద పెట్టింది.

"రద్దవదంటన్నావు కదా. శ్లాబుకి సరిపడా అయినప్పుడు సెప్పు, తీసుకుందాం."

నా డబ్బు యాభైవేలు కూడా అందులో కలిపి బిట్‌కాయిన్ కొన్నాను. ఇద్దరిదీ కలిపి ఒకే తాళం, ఒకే పన్నెండు మాటలు.

ఆ మాటల్ని ఎక్కడ దాచాలన్నది పెద్ద ప్రశ్న. కాగితం తడుస్తుంది, ఫోను పోతుంది. విదేశాల్లో ఉక్కు పలకల మీద చెక్కించుకుంటారని చదివాను. మనకి ఉక్కు పలకలెందుకు, స్టీలు గిన్నెలుండగా! మన ఇళ్ళల్లో పేరు చెక్కని గిన్నె ఉండదు. పల్లెలో ఎవరింట్లో శుభకార్యమైనా నాలుగిళ్ళ గిన్నెలూ వెళ్తాయి, పేరు చూసుకుని తిరిగొస్తాయి. కాబట్టి ఒక మూత గిన్నె కొని, సామాన్ల కొట్టు అరుగు మీద పేర్లు చెక్కే భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. తాతల నాటి నుంచీ ఆ కుటుంబానిది అదే పని. ఆయన గిన్నె బోర్లించి, నా చీటీ చూసి, చిన్న మిషన్‌తో చుక్కలు చుక్కలుగా ఇంగ్లీషు అక్షరాలు దించాడు.

"ఇవెవరి పేర్లు బాబూ?" అని అడిగాడు.

"పేర్లు కావు భాయ్. ఇది మ్యాంగో, ఇది రివర్, ఇది ఆనియన్."

"గిన్నె మీద మనిషి పేరుండాలి గానీ ఉల్లిపాయ పేరేంటి?" అని తల అడ్డంగా ఊపాడు. నేను గొప్ప రహస్యం మోస్తున్నవాడిలా నవ్వి ఊరుకున్నాను.

షాపుకొచ్చి చీటీ కాల్చేశాను. ఫోన్లోంచి ఆ యాప్‌ని కూడా తుడిచేశాను. రెండో కాపీ ఉండకూడదు, తాళం ఒక్కటే ఉండాలి, అది సొంతదారు దగ్గరే ఉండాలి, ఇదీ నేను చదువుకున్న వేదం. ఎక్కువ డబ్బు అత్తది కాబట్టి గిన్నె అత్త దగ్గరే ఉండటం ధర్మమని తేల్చాను. ఒక కాపీ రాసిపెట్టుకుంటే పోయేదేముందని ఇప్పుడు ఎవరైనా అడగొచ్చు. అప్పుడు అడిగి ఉంటే వాడితో పోట్లాడేవాణ్ణి. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

గిన్నె చేతిలో పెట్టి అత్తకి గట్టిగా చెప్పాను. "దీని అడుగు ఎవరికీ చూపించకు. ఎవరైనా చదివారంటే డబ్బు పోయినట్టే." ఎవరూ చదవకూడదని చెప్పానే గానీ, చెరిగిపోకూడదని చెప్పలేదు. ఆ అక్షరాలే డబ్బు అని చెప్పలేదు. ఇదంతా ఆమెకేం అర్థమవుతుందిలే అనుకున్నాను. నేను చేసిన తప్పులన్నిటిలోకీ నన్ను ఎక్కువగా కాల్చేది ఇదే. ఊళ్ళో దారిన పోయేవాడికల్లా అరగంట చెప్పినవాణ్ణి, సొంత మేనత్తకి రెండు నిమిషాలు చెప్పలేదు.

నాలుగేళ్ళు గడిచాయి. ధర పడింది, లేచింది, మళ్ళీ పడింది, మళ్ళీ లేచింది. ఎనభైవేలు శ్లాబుకే కాదు, పైన ఒక గదికి కూడా సరిపోయేంత అయింది. అత్తకి కబురు పెట్టాను, గిన్నె పట్టుకుని రమ్మని. మర్నాడు పొద్దున్నే ఆటో దిగింది. తువ్వాల్లో చుట్టిన గిన్నె చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చింది.

తువ్వాలు విప్పి గిన్నె తిప్పాను. అడుగంతా అద్దంలా మెరుస్తోంది. మధ్యలో గుండ్రటి తెలుగు అక్షరాలతో మా అత్త పేరు, కింద ఇంటిపేరు.

వేలితో అడుగంతా తడిమి చూశాను. ఆమె ముఖంలో మాత్రం ఏదో ఘనకార్యం చేసిన కళ.

"పక్కింటోల్ల పెల్లికి పసుపు ముట్టించిన రోజున గిన్నెలు పట్టుకెల్లేరు. నాను పొలంలో ఉన్నాను, ఇదీ ఎల్లిపోయింది. తెచ్చుకుందామని ఎల్తే, ఆల కోడలు డిగ్రీ సదివింది కదా, నా ముందే గిన్నె తిప్పి, మ్యాంగో అంట, రివరంట, గట్టిగా సదివేసింది. నా గుండి జారిపోయింది. మర్నాడే టౌనుకొచ్చి, సామాన్ల కొట్టు కాడ భాయ్ సేత ఆ రాతంతా రుద్దించీసి, నా పేరు కొట్టించీసేను. ఇంకెవుడూ సదవలేడు" అంది.

నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆమె ఎరిగిన లోకంలో గిన్నె మీద ఎవరి పేరుంటే గిన్నె వాళ్ళది. ఎవరివో తెలియని మాటలుండటం కంటే తన పేరుండటమే భద్రం. ఇందులో ఆమె తప్పు ఎక్కడుంది?

"ఏటిరా, అలా సూత్తన్నావు? ఏటైంది?"

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట నేను ముందే తయారు చేసుకున్నది కాదు. అయినా తడుముకోకుండా వచ్చింది.

"ప్రభుత్వం ఆపేసిందత్తా. ఆ డబ్బు తియ్యనివ్వడం లేదు."

ఆమె గిన్నెకి మళ్ళీ తువ్వాలు చుట్టడం మొదలుపెట్టింది.

"ఆడికది అలవాటే కదా. నువ్వేటి సేత్తావురా, ఊరుకో" అంది. నన్ను ఓదార్చింది. నా కళ్ళు తడవడం చూసి, డబ్బు పోయిన బాధనుకుని, కొంగుతో నా మొహం తుడిచింది.

నీ చేత్తో నువ్వే చెరిపేసుకున్నావని చెప్తే ఆ ముసలి ప్రాణం తట్టుకోలేదని, అందుకే అబద్ధమాడానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కొంతవరకే నిజం. పరువు పోతుందని భయపడ్డాను. ఊరందరికీ పాఠం చెప్పినవాడు అసలు మాట చెప్పాల్సిన చోట చెప్పలేదని తెలిస్తే తలెత్తుకోలేనని భయపడ్డాను. ప్రభుత్వాన్ని అన్నేళ్ళు తిట్టి, చివరికి దాని వెనకే దాక్కున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ పన్నెండు మాటల కోసం ఆ తరవాత తిరిగాను. భాయ్‌కి మ్యాంగో, ఆనియన్ గుర్తున్నాయి, తినేవి కాబట్టి. "రుద్దమని ఆమే అంది బాబూ, గిన్నె ఆమెదే కదా అని రుద్దేను" అని ఆయన పాపం చాలా నొచ్చుకున్నాడు. పక్కింటి కోడలు, అత్తకి చెప్పనని నాకు మాటిచ్చి, ఇంకో రెండు చెప్పింది. అవి కాక నాకు గుర్తున్నది రివర్ ఒక్కటే. మొత్తం ఐదు. ఏది ఎన్నోదో తెలియదు. మిగతా ఏడు దొరకడం జరిగే పని కాదు. తమాషా ఏమిటంటే, ఖాతా నంబరులాంటి అడ్రసు నా దగ్గరుంది కాబట్టి ఆ డబ్బు ఇప్పటికీ ఫోన్లో కనిపిస్తుంది. ఎంతుందో చూడొచ్చు, పెరగడం చూడొచ్చు. ముట్టుకోవడానికి మాత్రం లేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.

అబద్ధం అక్కడితో ఆగితే బాగుండేది. ప్రభుత్వం రెండుసార్లు తన డబ్బు తినేసిందని నమ్మిన మనిషి మూడోసారి అవకాశం ఇస్తుందా? మా అత్త బ్యాంకులో డబ్బు వెయ్యడం మానేసింది. పెన్షనూ, బెల్లం డబ్బూ, శ్లాబు కోసం మళ్ళీ మొదటి నుంచి కూడబెడుతున్నదంతా, ఇంట్లో చెక్కపెట్టెలో చీరల కింద దాచింది. నాకు చెప్పలేదు. చెప్తే నేను మళ్ళీ ఏదో ఒకటి చేస్తానని భయపడిందేమో.

రెండేళ్ళ కిందట, వానలు వెనకబట్టాక, షాపుకొచ్చింది. అదే గిన్నె, అదే తువ్వాలు. మూత తీస్తే లోపల మట్టీ, నోట్ల ముక్కలూ. చెదలు.

ఆమె ఏడవలేదు. "సూడరా" అని మాత్రం అంది. నా వల్ల పోయిన శ్లాబు మరోసారి ఆ గిన్నెలో పొడిపొడిగా కనిపించింది. ఆ క్షణంలో నన్ను నేను అసహ్యించుకున్నంతగా ఎప్పుడూ అసహ్యించుకోలేదు.

బ్యాంకుకి తీసుకెళ్ళాను. కౌంటర్లో ఉన్నామె చిన్నవయసుదే. కసురుకుంటుందనుకున్నాను. గిన్నెలోకి చూసి, "అయ్యో మామ్మగారూ" అని లేచి, ఒక పక్క బల్ల మీద తెల్లకాగితం పరిచింది. మధ్యాహ్నం దాకా, మధ్యమధ్య వేరే పని చూసుకుంటూనే, ఒక్కొక్క నోటూ మట్టి దులిపి, ముక్కకి ముక్క చేర్చింది. ఎంత ముక్క మిగిలిందన్న దాన్ని బట్టి కొన్నిటికి పూర్తి విలువ, కొన్నిటికి సగం, కొన్నిటికి ఏమీ రాదని ముందే చెప్పింది. చివరికి సగానికి పైగా డబ్బు కొత్త నోట్లుగా మా అత్త చేతిలో పెట్టింది.

చెదలు తిన్న కాగితానికి కూడా జవాబు చెప్పే మనిషి ఒకరు ఆ కౌంటర్ వెనక కూర్చుని ఉన్నారు. నేను మనిషే అక్కర్లేని డబ్బు కోసం ఎగబడ్డాను. అందులో తప్పు జరిగితే వెళ్ళి అడగడానికి ఒక్క గుమ్మం లేదు.

అత్త కొత్త నోట్లు కళ్ళకద్దుకుని కొంగున ముడేసుకుంది. లేవబోయి మళ్ళీ కూర్చుంది. నా మోచెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"ఈ పాప మంచిదిరా. ఆ డబ్బు కూడా అడుగు, గవర్మెంటు ఆపీసింది కదా. అడిగితే ఇచ్చీత్తాదేమో."

కౌంటర్లో ఉన్నామె, "ఏ డబ్బండీ?" అంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఇంకోటి రాదు. నాకు ఆ సంగతి అప్పుడే తెలుసు.

"దానికి వేరే ఆఫీసత్తా" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. ఆఫీసంటూ ఒకటి ఉందని ఆమెకు తెలియడం అదే మొదటిసారి.

"మరెప్పుడు ఎల్దాం?" అంది.

వచ్చే వారం అన్నాను. ఇప్పటికీ మార్కెట్‌కి బెల్లం తెచ్చిన ప్రతిసారీ నా షాపు మెట్ల మీద కూర్చుని అదే అడుగుతుంది. మొన్న కూడా అడిగింది. ఇల్లు కురుస్తోందని చెప్పి, ఆ తరవాత అడిగింది. వచ్చే వారం వెళ్దామత్తా అన్నాను.