రీలు అయిపోయిన కాడ

సచ్చేదానికి సుత సీజనే దొరికిందా ఈయనకు? ఆషాఢంల పోతే నా షామియానాలన్ని మడతల ఉండు, కుర్చీలు ఒకదాని మీద ఒకటెక్కి నిద్రవోతుండు. నడి పెండ్లిండ్ల సీజన్ల పొద్దుగాల ఫోనొచ్చె, "అన్నా, మాస్టరు పోయిండు" అని. నాది ఎల్లారెడ్డిల టెంటు హౌసు. ఊర్లె ఎవలు పోయినా మొదాలు నాకే ఫోనొస్తది, ఏడ్సుడు తర్వాత. ఆ దినం నా సామానంత గాంధారిల ఒక పెండ్లిల ఉన్నది. ఇన్నేండ్లు నాతోని పెండ్లిండ్లు తిరిగిన మనిషి, ఆయన ఇంటి ముంగట ఎయ్యనీకి నా దగ్గర ఒక్క పరదా లేకపాయె. నాకు పోటీగ ఇంకో టెంటాయన ఉన్నడు, ఆయన కాడికి వోయి అడుక్కొచ్చిన. దాని మీద ఆయన దుకాణం పేరు గింత పెద్దగ రాసున్నది. మాస్టరు సూస్తే పడి పడి నవ్వేటోడు.

మాస్టరంటె బడి పంతులు గాదు, బ్యాండు మాస్టరు. ఎర్ర కోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, కాళ్లకు మాత్రం రబ్బరు చెప్పులు. "పెండ్లికొడుకును సూడొస్తరు, నా కాళ్లనెవలు సూస్తర్రా" అనేటోడు. క్లారినెట్ మూతికి వెట్టే పుల్లను జర్దా డబ్బల దాసుకునేటోడు. షురూ జేసే ముందు దాన్ని నాలుక మీద నానవెట్టుకుంట నిలవడేటోడు. గప్పుడు నువ్వేమడిగినా తలకాయనే ఊపుతడు.

నోట్లె పుల్ల లేకుంటే మాత్రం ఒక్కటే మాట, "ఆ తర్వాత?" నా బర్రె తప్పిపోయిందన్న. "ఆ తర్వాత?" దొరికిందన్న. "ఆ తర్వాత?" ఇగ పాలు పిండినమన్న. అయినా నా మొఖం దిక్కే సూసుకుంట నిలవడ్డడు, బర్రె ఇంకేమన్న జేసి ఉంటదేమో అని.

గట్లెందుకు అడుగుతడో నాకు శానా దినాలకు సమజైంది. బారాత్‌ల బ్యాండోళ్లను ఏ పాటా తుదిదాంక వాయించనియ్యరు. ఎత్తుకోంగనే పిలగాని దోస్తులు "మార్చు, మార్చు" అని ఒర్రుతరు. ఇంకోటి ఎత్తుకుంటే అది సగం గాకముందే మళ్ల "మార్చు". "టెంటూ, నా కడుపుల అన్ని సగం పాటలే ఉన్నయ్‌రా" అనేటోడు. నన్ను టెంటూ అనే పిలిచేటోడు. ఆ మీదికెల్లి డీజే డబ్బలు వచ్చినయ్. ఆ సగం పాటలు సుత అడిగేటోడు లేకపాయె.

గా దినాలల్ల మా వాడకట్టాయన ఒకడు దుబాయ్‌కెల్లి వచ్చి నా దుకాణంల ఒక క్యాసెట్ వెట్టి పోయిండు. ఆడ కూలోళ్ల క్యాంపుల పక్క మంచమోడు ఇచ్చిండట. మీద చీటి గీక్కపోయి పేరు లేదు. టేపుల ఏసిన. గిటార్లు, డ్రమ్ములు, ఇంగ్లీషోళ్ల ఒర్రుడు. బంద్ జేద్దామని చెయ్యి వెట్టిన, మాస్టరు నా చెయ్యి వట్టిండు.

"ఆగు. గీళ్లు కొట్లాడుతున్నరా, ఏడుస్తున్నరా?"

"మనకేమెరుకన్నా. శానా పాతదట, రాక్ సంగీతమంటరట. దుబాయాయన జెప్పిండు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత చాయ్ తాగి పోయిండు."

క్యాసెట్ రెండు దిక్కులు తిప్పి తిప్పి ఇన్నడు. ఒక దిక్కు షురూల వచ్చిన రాగమే, రెండో దిక్కు చివర్ల మళ్ల వచ్చింది. మాస్టరు దిగ్గున లేసి నిలవడ్డడు. "టెంటూ, గివి పాటలు గావురా. అంత ఒక్కటే పెద్ద పాట. యాడికో పోతున్నది."

యాడికి పోతదో సూద్దామనుకునే లోపట్నే టక్కుమన్నది. రీలు అయిపోయింది. ఎక్కించుకున్నోనికి క్యాసెట్ల జాగ సరిపోలే. మాస్టరు టేపు దిక్కు సూసిండు సూడుండ్రి, నా బర్రె ముచ్చట్ల సూసిన సూపే.

ఆ పొద్దటి నుంచి ఆయనకు ఒక్కటే పట్టుకున్నది. ఒక్కసారన్న జనం కూసోని ఇనాలె, తను మొదటి నుంచి చివరిదాంక వాయించాలె, ఎవ్వడు మార్చు అనొద్దు. నా గోదాంల పరదా కట్టల నడుమ నేర్సుకునుడు షురూ అయింది. ట్రంపెట్ ఊదేది ఆయన బామ్మర్దే. "బావా, గిది ఇంటే ఏ పిల్లా పుస్తె కట్టించుకోదు" అన్నడు. "కట్టించుకోకుంటేమాయె, ఈసారి పెండ్లి లేదుగ" అన్నడు మాస్టరు.

నిజంగనే పెండ్లి లేదు. ఆషాఢం. కామారెడ్డిల ఒక ఫంక్షన్ హాలు ఖాళీగున్నది, దాని సేటు మాకు ఎరుకున్నోడు. కుర్చీలు నావి, ట్రాలీల ఏస్కపోయిన. దీపాలు వెట్టే యాల్లకు జనమొచ్చిండ్రు. జనమంటే ఇంకెవలు, పెండ్లిండ్ల మీద బతికేటోళ్లమే. వంటాయన, పూలాయన, వీడియోలాయన, వాళ్ల ఇండ్లల్లోళ్లు. అందరికి ఆషాఢమే కద.

"పిల్ల ఎవలు?" అన్నడు వంటాయన.

"పిల్ల లేదు."

"పిలగాడు?"

"లేడు."

"మరి అన్నం?"

"అది సుత లేదు."

"గట్లయితే మనమెందుకొచ్చినమే?" అన్నడు గని, పోలే. ముంగటి కుర్చీల కూసున్నడు.

స్టేజి మీద బ్యాండోళ్లకు సుత కుర్చీలేసిన. ఎర్ర కోట్లేసుకోని పెద్దమనుషుల లెక్క కూసున్నరు. షురూ జేసిండ్రు. రాకపాయె! ట్రంపెట్ ఒక దిక్కు పోయె, డోలు ఒక దిక్కు పోయె. పుట్టి బుద్దెరిగినప్పటి నుంచి నడుసుకుంట వాయించినోళ్లు, కాలు ఆడకుంటే వేలు ఆడుతలేదు. గోదాంల సుత కట్టల సుట్టు తిరుక్కుంటనే నేర్సుకున్నరు. ఆ సంగతి నాకు గుర్తుకు రాలే, వాళ్లకు గుర్తుకు రాలే. నేను నేల సూపులు సూస్తున్న.

మాస్టరు లేసిండు. మెట్లు దిగిండు. కుర్చీల వరుసల నడుమకెల్లి నడుసుకుంట ఎత్తుకున్నడు. మిగిలినోళ్లు ఎన్క దిగిండ్రు. నాలుగడుగులు ఏసినరో లేదో పాట కుదిరింది. ఇగ మా జనం సంగతి జెప్పాల్నా? బ్యాండు నడుస్తుంటే కూసునే అలవాటు మాలో ఎవలికున్నది? ఒక్కొక్కరు లేసి ఎన్క నడవవట్టిరి. నేను సుత. నా కుర్చీలన్ని ఖాళీ. పెండ్లికొడుకు లేని బారాత్ హాలు సుట్టు తిరుగుతున్నది, ఆ ఇంగ్లీషోళ్ల పాట ముంగటేసుకోని.

క్యాసెట్ రెండో దిక్కు పాట సగంల ఉండంగ వీడియోలాయన, అలవాటు కొద్ది, "మాస్టరూ, మార్చు!" అని ఒర్రిండు. డోలాయన చేతులు టక్కున తీన్‌మార్ కొట్టవట్టినయ్. ట్రంపెట్ సుత అటే తిరిగింది. పాపం, వాళ్ల తప్పేమున్నది, ఆ మాటకు చేతులు వాటికవే మర్లుతయ్. మాస్టరొక్కడే ఎన్కకు సూడలే. క్లారినెట్ ఒక్కటే, సన్నగ, తన పాట తను వట్టుకోని నడుస్తున్నడు. వంటాయన వోయి వీడియోలాయన మూతి మూసిండు. డోలు ఆగింది. జరసేపటికి మెల్లగ మాస్టరు అడుగులల్ల వోయి కలిసింది.

మొదటి రాగం మళ్ల వచ్చింది. సక్కగ ఆ రీలు అయిపోయిన కాడ, మాస్టరు క్లారినెట్ దించిండు. అందరు ఆపిండ్రు.

"కరెంటు పోయిందా ఏంది?" అన్నడు వంటాయన.

"గింతనే ఉన్నది మామా" అన్నడు మాస్టరు.

"గదేందయ్యా నడుమల! ఆ తర్వాత?"

ఆ మాట ఇంకొకని నోట ఇన్నడు మాస్టరు. కండ్లల్ల నీళ్లు, మొఖం మీద నవ్వు. "నాకు సుత గదే గావాలె" అన్నడు.

ఆ మీద గల్ఫ్‌కు పోయేటోడు ఎవడు కనవడ్డా పట్టుకోని ఆ రాగం పాడి ఇనిపించేటోడు, మిగిలింది దొరికితే తెమ్మని. దుబాయాయన మళ్ల పోయిండు, ఫోను కలుస్తలేదు. కామారెడ్డిల మొబైల్ షాపుకు తీస్కపోతే "పేరు జెప్పు పెద్దయ్యా, తీసిస్త" అన్నరు. పేరే లేకపాయె.

ఆఖరుకు నేను సూడవోయిననాడు మంచంల ఉన్నడు. ఊదే దమ్ము లేదు. దుప్పటి మీద వేళ్లు ఆడుతున్నయ్. క్లారినెట్ మీద ఎట్ల ఆడుతయో గట్లనే. నేను ఎంబడి మనసుల పాడుకుంట సూస్తున్న. రీలు అయిపోయే కాడికి వచ్చింది. వేళ్లు ఆగలే. ఇంకా ముంగటికి పోతున్నయ్.

"ఏందన్నా అది? ఆ తర్వాతదా?"

పుల్ల నోట్లె ఉన్నట్టు తలకాయ ఊపిండు, అంతే. పక్కపొంటి బామ్మర్ది సుత ఉన్నడు, ఆ వేళ్ల దిక్కే సూసుకుంట.

తీస్కపోయే దినం ఆయన బ్యాండే ముంగట నడిచింది. ఆ క్యాసెట్ పాటే వాయించిండ్రు, మొదటి నుంచి. ఎవ్వడు మార్చు అనలే. బస్టాండు కాడికి వచ్చేసరికి ఆ జాగ వచ్చింది, అందరు ఆగిపోయిండ్రు. పాడె మోసేటోళ్లు ఆగిరి, ఎన్క మేం ఆగితిమి, బస్సులు సుత ఆగినయ్. ఎవ్వలికీ ముంగటిది ఎరుక లేదు. రోడ్డు నడిమిట్ల ఎర్ర కోట్లు, ఎండ, సప్పుడు లేదు. గప్పుడు బామ్మర్ది మెల్లగ ట్రంపెట్ ఎత్తిండు. ఎత్తి...

"ఏమయ్యో! కుర్చీల ట్రాలీ వచ్చి ఎంత సేపాయె! నువ్వు దించుకుంటవా, నన్ను దించుమంటవా?"

మా ఇంటామె. వస్తున్ననే, ఒక్క నిమిషం. ఆ ట్రంపెట్లకెల్లి వచ్చిన ముక్క ఎట్లున్నదంటే, మాస్టరు ఆ దినం దుప్పటి మీద