రిమోట్ జేబులో వేసుకున్న ఉస్తాద్

మా ఉస్తాద్ పోయారన్న కబురు అందినప్పుడు నేను గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో నిచ్చెన మీదున్నాను. ఒక చేతిలో స్క్రూడ్రైవరు, ఇంకో చేతిలో వైరు. ఫోనులో ఆయన కూతురు. "భాయ్, అబ్బా పొద్దుగాల్ల పోయిన్రు. నమాజ్ జేసి పండుకున్నరు, మల్ల లేవలే" అంది. ఆ వైరు బిగించేదాకా నేను కిందికి దిగలేదు. ఎందుకు దిగలేదో ఇప్పటికీ తెలియదు. అప్పటినుంచి కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే నడవాలనిపిస్తోంది. రాస్తేనన్నా కాలు ఒకచోట నిలుస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

దుకాణాల్లో, ఆసుపత్రుల్లో గోడకు వేలాడే పెద్ద తెరలు మీరు చూసే ఉంటారు. వాటి మీద ధరలో, టోకెన్ నంబర్లో, పెళ్లిబట్టల బొమ్మలో వస్తుంటాయి. ఆ తెర వెనక అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటి ఉంటుంది. బొమ్మల్ని ఆడించేది అదే. జనం తెరను మెచ్చుకుంటారు, డబ్బాను పట్టించుకునేవాడు ఉండడు. ఏ డబ్బా కొనాలో తేల్చుకోవడమే మా పనిలో అసలు విద్య. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక, రేకుల కప్పున్న చిన్న గదిలో ఆయన నాకది నేర్పారు. అంతకుముందు ఆ గదిలోనే టీవీలు బాగుచేసేవారు. మా బాపు వాళ్లింటికి పాలు పోసేవాడు. డిగ్రీ తప్పి ఊరికే తిరుగుతున్న నన్ను తీసుకెళ్లి, "వీనికి బర్రెల దిక్కు మనసే లేదు భాయ్, నీ దగ్గరనే పెట్టుకో" అని అప్పగించాడు.

కొత్త డబ్బా రాగానే ఉస్తాద్ చేసే మొదటి పని, దాంతో వచ్చిన రిమోట్ తీసి కుర్తా జేబులో వేసుకోవడం. "దుకాణంల రిమోట్ పట్టుకొని ఎవడు కూసుంటడు బేటా? రిమోట్ లేకుంట బతికేదే డబ్బా" అనేవారు. తర్వాత దాన్ని బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి, మూత వేసి, ఎండ మండే వేళ రేకుల కిందున్న అటక మీదికి ఎక్కించేవారు. అంత ఉడుకులోనూ సాయంత్రం దాకా ఆడాలి. మధ్యమధ్యలో చెప్పాపెట్టకుండా స్విచ్చి ఆపి మళ్లీ వేసేవారు. అప్పుడాయన తెరవైపు చూసేవారు కాదు. దానికి వీపు తిప్పి మమ్మల్ని చూసేవారు. "తెరను జూస్తె మనసు బొమ్మల పడ్తది. చూసేటోళ్ల ముఖాలు జూడు, గవే చెప్తయ్." మా ముఖాల మీద వెలుతురు పడితే డబ్బా దానంతటదే లేచినట్టు. పడకపోతే రిమోట్‌తో సహా వాపసు.

ఒకసారి టై కట్టుకున్న సేల్స్‌మన్ వచ్చాడు. "క్లారిటీ మస్తుంటది సార్, ఒక్కొక్క వెంట్రుక కనవడతది" అన్నాడు.

"మంచిదే భాయ్. మా గల్లీల దినానికి నాల్గుసార్లు కరెంటు పోతది. పోయొచ్చినంక ఇది నిన్ను పిలుస్తదా, నన్ను పిలుస్తదా?"

అతను నవ్వాడు. ఉస్తాద్ నవ్వలేదు. చాయ్ తాగించి పంపించారు.

ఇంత చూసీ నేను గడ్డి తిన్నాను. పేటలోనే సాయంత్రాలు తెరిచే ఒక చిన్న క్లినిక్ వాళ్లు టోకెన్ నంబర్లు చూపించే తెర కావాలన్నారు, అదీ మరునాటికే. అటక పరీక్షకు ఒక రోజు పడుతుంది. బజారులో ఒక డబ్బా బొమ్మ తళతళలాడుతుంటే పది నిమిషాల్లో తెచ్చి బిగించేశాను. కరెంటు పోయి వస్తే, రిమోట్ నొక్కి లేపేదాకా నల్లగా పడి ఉండే రకం అది. ఆ సంగతి నాకు ఆయన పోయాకే తెలిసింది.

షుగరు వల్ల కాలికి పుండు పడి, ఉస్తాద్ ఆ క్లినిక్‌లోనే కట్టు మార్పించుకునేవారు. రంజాన్‌కి ముందు ఒకరోజు నన్నడిగారు. "క్లినిక్‌ల పెట్టిన డబ్బా అటకెక్కిందా బేటా?"

"ఎక్కింది ఉస్తాద్. పొద్దుందాక ఆడింది" అన్నాను, తల ఎత్తకుండానే.

"అచ్ఛా" అన్నారు. జేబు మీద చెయ్యి వేసుకుని, చాయ్ చల్లారిపోతోంది తాగమన్నారు.

మూడో రోజు జియారత్ ప్రార్థనలకు వాళ్లింటికి వెళ్లాను. లేవబోతుంటే కూతురు చిన్న రిమోట్ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "అబ్బా కుర్తాల ఉండె భాయ్. క్లినిక్‌దంట. మీకియ్యమని ఎన్నిసార్లన్నా, దానితోని నాకు పనుంది అనెటోళ్లు."

అక్కడినుంచి నేరుగా క్లినిక్‌కు నడిచాను. తెర నల్లగా ఉంది. నంబర్లు అరిచి అరిచి టోకెన్లిచ్చే అక్కకు గొంతు బొంగురుపోయింది.

"పెద్దాయన లేకపాయె, బోర్డు బందాయె. కట్టు లేని దినం గూడ వచ్చి గా ఫ్యాన్ కింద కూసుంటుండె అన్నా. రిమోట్ నా దగ్గర తీస్కొని, కరెంటు పోయొచ్చినప్పుడల్లా గాయనే లేపుతుండె. ఓపారి బోర్డు బందైతే ఒక ముసలామెకు పిలుపు వినవడక నంబరు పోయింది. గప్పటిసంది రోజూ వస్తుండె."

"నాకొక్క ఫోన్ చెయ్యకపోతివా అక్కా?"

"చేస్తనంటె వద్దనె. 'చెప్తె రిమోట్ నొక్కినట్టయితది. వానంతట వాడే లేవాలె' అనె."

మూడు నెలలు ఆయన ఆ కుర్చీలో కూర్చుని చూశారు. నేను లేవలేదు. రిమోట్ లేకుండా బతికేదే డబ్బా అన్న మనిషి, నా డబ్బా కోసం చివరి రోజులన్నీ రిమోట్ పట్టుకుని కూర్చున్నారు. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేదని ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు, సిగ్గు మాత్రం ఇంకా అలాగే ఉంది.

మరునాడు గది తాళంచెవి అడిగి తీసుకున్నాను. ఒక్కో డబ్బాను బిస్కెట్ల రేకులో పెట్టి అటక మీదికెక్కించాను. ఆడుతున్నంతసేపూ కాలుగాలిన పిల్లిలా గదిలో తిరుగుతూనే ఉన్నాను. రెండు ఓడిపోయాయి. మూడోది నిలిచింది.

మొన్న సాయంత్రం దాన్ని క్లినిక్‌లో బిగించి, రిమోట్ జేబులో వేసుకున్నాను. జనం నిండుగా ఉండగానే స్విచ్చి ఆపేశాను. "ఏందన్నా గిది, మా నంబరు దగ్గరికొచ్చింది గదా!" అని లొల్లి లేచింది. స్విచ్చి వేసి, తెరకు వీపు తిప్పి నిలబడ్డాను. ఒళ్లో బిడ్డను పెట్టుకున్న తల్లి. కాలికి కట్టున్న ఆటో డ్రైవరు. టోకెన్ చీటీని గుప్పిట్లో నలుపుతున్న ముసలామె. ఫ్యాన్ కింద కుర్చీలో మాత్రం ఎవరూ లేరు. చెయ్యి రెండుసార్లు జేబు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. తిరిగి చూడలేదు.

అప్పుడు ముసలామె ముఖం మీద నీలి వెలుతురు పడింది. ఆటో డ్రైవరు మీద, తల్లి మీద, నిద్రపోతున్న బిడ్డ బుగ్గ మీద పడింది. ఫ్యాన్ కిందున్న ఆ ఖాళీ కుర్చీ మీద కూడా.